అంతరిక్ష విద్య – మన విశ్వవిద్యాలయములు

రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిమ్మట మీ యింటి రేడియో ముల్లును మెల్లగా త్రిప్పి చూచితిరా? పగటివేళ ఎంత వెదకినను దొరకని దూరపు కేంద్రములు అప్పుడు ఒక్కొక్కటిగా పలుకనారంభించును. మధ్యాహ్నము ఆ కేంద్రములు మూగవి కావు. మన రేడియోయును చెవిటిది కాదు. మార్పు వచ్చినది ఆ రెంటి నడుమ నున్న ఆకాశములో. నేడు నేను ముచ్చటింపబోవు విషయమునకు ఆ మార్పే మొదలు.

అంతకు ముందు ఒక చిన్న సంగతి. లంకెలపాలెము కూడలి వద్ద పెద్దరోడ్డు విడిచి దక్షిణముగా పోయినచో పరవాడ వచ్చును. ఒకప్పుడు విశాఖపట్నము జిల్లాలోనిది; 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. సింహాద్రి విద్యుత్కేంద్రపు పొగగొట్టములు, మందుల తయారీకై వెలసిన ఫార్మా నగరము, ఆవల ముత్యాలమ్మపాలెమువంటి జాలరి పల్లెలు, వాని ముంగిట సముద్రము – ఇదియే పరవాడ ప్రాంతపు రూపురేఖ. కొన్నేండ్ల క్రిందట అచ్చటి బడిపిల్లలకు గ్రహములను గూర్చియు, ఉపగ్రహములను గూర్చియు చెప్పుటకు నేను పోయితిని. చెప్పవలసినదంతయు చెప్పి కూర్చుంటిని. వెనుక వరుసలోనుండి ఒక బాలిక లేచి, "మాస్టారండీ, రాకెట్లు శ్రీహరికోటలో ఎగురుతాయి గదా, మా పరవాడలో ఉండి మేం చేసేదేముంది?" అని యడిగినది. ఆమె తండ్రి వేటకు పోవు జాలరి యని తరువాత తెలిసినది. ఆనాడు నేనేదో చెప్పి తప్పించుకొంటిని. ఆ సమాధానము ఆమెకు తృప్తి కలిగింపలేదని ఆమె ముఖమే చెప్పినది. నేటి ప్రసంగము ఆమెకు నేను బాకీపడిన సమాధానము.

రాత్రి రేడియో సంగతికి మరల వత్తము. భూమికి రమారమి అరువది కిలోమీటర్ల యెత్తునుండి పైకి పోవుకొలది గాలి మిక్కిలి పలుచనగును. సూర్యుని అతినీలలోహిత కిరణములు, ఎక్స్‌ కిరణములు ఆ పలుచని గాలిలోని అణువులనుండి ఎలక్ట్రానులను విడదీయును. ఇట్లు విద్యుత్తును మోయు కణములతో నిండిన ఆ ప్రదేశమునకు అయనావరణమని పేరు. అది పొరలు పొరలుగా నుండును. పగటివేళ దాని అడుగుపొర మీడియంవేవు తరంగములను మ్రింగివేయును. సూర్యుడు గ్రుంకగనే ఆ అడుగుపొర కరగిపోవును. తరంగములు పైపొరవరకు పోయి, అచ్చటినుండి అద్దమున పడిన వెలుగువలె క్రిందికి మరలి, వందలకొలది మైళ్ల దూరమున దిగును. మీ రేడియోలో దూరపు కేంద్రము రాత్రి పలుకుటకు ఇదియే కారణము.

1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రము నీవలికి రేడియో సంకేతమును అందుకొనినప్పుడు, గుండ్రని భూమిని చుట్టి ఆ తరంగమెట్లు వచ్చినదని లోకము ఆశ్చర్యపడినది. మరుసటి యేడు కెనెల్లీ, హెవిసైడ్ అను నిరువురు, పైన విద్యుద్వాహకమైన పొర యొకటి యుండవలెనని వేర్వేరుగా ఊహించిరి. 1924లో ఆపిల్టన్ దానిని ప్రయోగపూర్వకముగా నిరూపించెను. మన దేశమున కలకత్తాలో ఆచార్య శిశిరకుమార మిత్రా ఈ శాస్త్రమునకు పాదు వేసి, 1947లో ఊర్ధ్వ వాతావరణమును గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథముతో ప్రపంచపు మన్నన పొందెను.

ఆ విద్య మన తీరమునకెట్లు వచ్చినది? ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు కొండమీదికి తరలినది. జయపురపు మహారాజు విక్రమదేవవర్మగారి వితరణతో అచ్చట విజ్ఞానశాస్త్ర కళాశాల వెలసినది. రామన్ శిష్యులగు సూరి భగవంతముగారు అచ్చట భౌతికశాస్త్రమునకు పునాదులు వేసిరి. ఆ శాఖయందే 1950లలో ఆచార్య బి. రామచంద్రరావుగారును వారి శిష్యులును అయనావరణమును శోధించుటకు పూనుకొనిరి. అప్పటికి కృత్రిమోపగ్రహము లేదు. స్పుత్నిక్ 1957 అక్టోబరు 4వ తేదీన గదా ఎగిరినది! అంతరిక్షమును చేరుటకు వారికున్న సాధనము రేడియో తరంగమొక్కటియే.

వారు చేసిన పనులలో నొకదానిని మీకు చెప్పెదను. ఎండకాలమున పొలముమీద మేఘపు నీడ సాగిపోవుట చూచియుందురు. అది మొదట మీ కళ్లముమీద పడును. కొంత సేపటికి పొరుగువాని కళ్లముమీద పడును. రెంటి నడుమ దూరము తెలిసి, ఎంతసేపు పట్టినదో లెక్కించినచో గాలి వేగము తెలియును. తల యెత్తి మేఘమును చూడ నక్కరలేదు. వాల్తేరులో ఇట్టిదే జరిగినది. రేడియో తరంగమును నిట్టనిలువుగా పైకి పంపి, మరలివచ్చు ప్రతిధ్వనిని దగ్గర దగ్గరగా నిలిపిన మూడు ఏరియళ్లతో అందుకొనిరి. ఆ ప్రతిధ్వని ఒకప్పుడు హెచ్చును, ఒకప్పుడు తగ్గును. ఒక ఏరియలు వద్ద కనబడిన హెచ్చుతగ్గులే సెకనులో కొద్దిపాలు ఆలస్యముగా మరియొకదానివద్ద కనబడును. ఆ ఆలస్యమునుబట్టి నూరు కిలోమీటర్లకు పైని అయనావరణము ఏ దిక్కునకు, ఎంత వేగముతో జరుగుచున్నదో గణించిరి. ఇందొక మెలకువ కలదు: తరంగము పైకి పోయి క్రిందికి వచ్చును గనుక, నేలమీది జాడ పైపొరకంటె రెట్టింపు వేగముతో కదలును. దానిని సగము చేసినగాని నిజమైన లెక్క రాదు.

"ఈ పని ఎచ్చటనైనను చేయవచ్చును గదా, వాల్తేరే యెందులకు?" అని మీరడుగవచ్చును. మన దేశపు దక్షిణాగ్రమునకు సమీపముగా భూఅయస్కాంత మధ్యరేఖ పోవుచున్నది. 1963 నవంబరు 21వ తేదీన తొలి శాస్త్రీయ రాకెట్టును ఎగురవేయుటకు కేరళమున తుంబాను ఎన్నుకొనుటకు అదియే కారణము. పగటివేళ ఆ రేఖమీది ఎలక్ట్రానులు ఫౌంటెను నీటివలె పైకి లేచి, ఉత్తర దక్షిణములకు విరజిమ్మబడి దూరముగా దిగును. ఉత్తరమున అవి దట్టముగా పోగుపడు చోటు రమారమి భోపాల్, అహమ్మదాబాదుల మీదుగా నుండును. ఎగయు చోటికిని దిగు చోటికిని నడుమ వాల్తేరు కలదు. ఫౌంటెను ఒకనాడు బలముగా చిమ్మి, మరునాడు బలహీనపడినచో, ఆ భేదము నడిమివానికి చక్కగా తెలియును. ఇది డబ్బిచ్చి కొనరాని సంపద. భగవంతుడు విశాఖకు ఓడరేవును ఇచ్చినట్లే దీనిని కూడ ఇచ్చెననవచ్చును.

కాని శ్రోతలారా, నడుమ కూర్చున్నవాడు ఒంటరిగా ఏమి చూడగలడు? ఫౌంటెను మొదలు చూచువాడొకడు, కొన చూచువాడొకడు ఉండవలెను. ముగ్గురును తమ లెక్కలను ఒకచోట చేర్చవలెను. విశ్వవిద్యాలయముల సహకారమనునది సభలలో పలుకుటకు అందమైన మాట మాత్రమే కాదు. ఈ శాస్త్రమునకు అదియే ప్రాణము.

దీనికి రెండు నిదర్శనములు చెప్పెదను. అమెరికావారి ఏటీయస్-6 ఉపగ్రహము 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము మన దేశమునకు సేవ చేసినది. ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు అది టెలివిజను పాఠములను అందించిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. అదే ఉపగ్రహము పంపిన రేడియో సంకేతములను వాల్తేరు మొదలుకొని దేశమునందలి పలు పరిశోధనాస్థానములు ఏకకాలమున అందుకొని, తమ తమ తలలపైనున్న ఎలక్ట్రానుల మొత్తమును కొలిచినవి. పల్లెలో పిల్లలు పాఠము వినుచుండగా, విశ్వవిద్యాలయములో పెద్దలు ఆ తరంగము నడచివచ్చిన దారిని చదివిరి.

రెండవది ఇటీవలిది. విమానము ఉపగ్రహ సంకేతములను నమ్మి దిగవలెనన్నచో ఆ సంకేతము చెప్పు స్థానములో తప్పు ఉండరాదు. కాని దారిలోని ఎలక్ట్రానులు సంకేతమును ఆలస్యము చేయును. మన అక్షాంశములలో ఆ ఆలస్యమువలన పదుల మీటర్ల తేడా రావచ్చును. ఐరోపా దేశములకు సరిపోవు సవరణ సూత్రము, ఫౌంటెను క్రింద నున్న మనకు సరిపోదు. అందువలన ఇస్రోయును విమానాశ్రయముల ప్రాధికార సంస్థయును కలిసి గగన్ అను ఏర్పాటును తలపెట్టినప్పుడు దేశమున పలు తావులందు కొలత యంత్రములను నిలిపిరి, విశాఖపట్నము అందొకటి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన ఆచార్య పి.వి.యస్. రామారావుగారును వారి సహచరులును ఆ యంత్రముల లెక్కలను శోధించి, 2004, 2005 సంవత్సరములలో భారతదేశముపై ఎలక్ట్రానుల మొత్తము కాలమునుబట్టి, స్థలమునుబట్టి ఎట్లు మారినదో 2006లో ప్రకటించిరి. గగన్ 2015లో విమానముల అవతరణకు తోడ్పడు స్థాయి అనుమతి పొందినది. రాయలసీమకో ఢిల్లీకో పోవు విమానములో కూర్చున్నవారికి వాల్తేరు విద్యార్థులు రాత్రులు మేలుకొని నేర్చిన విద్య తోడున్నదని తెలియదు.

దక్షిణమునకు చూచినచో తిరుపతి సమీపమున గాదంకి కలదు. 1990లలో అచ్చట జాతీయ ఎం.యస్.టి. రాడారు వెలసినది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానములో 1024 ఏరియళ్లు బారులు తీరి నిలిచియుండును. 53 మెగాహెర్ట్జ్ తరంగములను పైకి పంపి, నిర్మలాకాశములోని గాలిసుడులనుండి వచ్చు అతిస్వల్పమైన ప్రతిధ్వనినిబట్టి గాలుల వేగమును తెలిసికొందురు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఈ రాడారు లెక్కలను వినియోగించి పరిశోధన చేయుటకై ఒక ప్రత్యేక కేంద్రమునే నెలకొల్పుకొనినది. ఇంత పెద్ద యంత్రమును ఏ ఒక్క విశ్వవిద్యాలయమును కొనలేదు. కొనిన ప్రయోగశాలకు ఏటేటా క్రొత్త విద్యార్థులు లేకున్న యంత్రము మాత్రమే మిగులును. ఒకరివద్ద సాధనము, ఒకరివద్ద యువకుల మేధ. ఈ రెండును కలిసినచోటనే విద్య పండును.

ఈ భావమునే ఇస్రోవారు ఇటీవల దేశమంతటికిని విస్తరింపజేసిరి. ప్రాంతీయ అంతరిక్ష విద్యాకేంద్రములను జయపురము, గౌహతి, కురుక్షేత్రము, సూరత్కల్, పాట్నా, వారణాసి అను ఆరు చోట్ల విద్యాసంస్థలయందు నెలకొల్పిరి. దక్షిణ ప్రాంతమునకు కర్ణాటకములోని సూరత్కల్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థతో 2020లో ఒడంబడిక జరిగినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు ఆ పరిధిలోనివే. తమ ప్రాంతమునందలి కళాశాలలను కలుపుకొని, ఇస్రోకు కావలసిన సమస్యలపై పరిశోధన చేయించుట, అధ్యాపకులకును విద్యార్థులకును శిక్షణ నొసగుట, ప్రదర్శనలు ఉపన్యాసములు ఏర్పరచుట వీని బాధ్యతలు. ఇంతకు ముందునుండియు రెస్పాండ్ అను పేర విశ్వవిద్యాలయముల పరిశోధనలకు ఇస్రో ధనసహాయము చేయుచున్నది.

ఇచ్చట ఒక ప్రశ్న వచ్చును. "మంచినీటికి, వైద్యమునకు ఇబ్బందిపడు పల్లెలు గల దేశమున ఈ ఆకాశ పరిశోధనలేల?" అని. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పరవాడ ముంగిట సముద్రమునే అడిగి చూతము.

ఏటా మార్చి, ఏప్రిలు మాసములలో విశాఖ తీరమున గాలి ప్రభావమువలన ఉపరితలపు నీరు ఆవలికి తొలగి, లోతులలోని చల్లని నీరు పైకి వచ్చును. 1950లలో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ వాల్తేరునకు వచ్చి, విశ్వకళాపరిషత్తువారితో కలిసి ఈ సంగతిని పరిశోధించెను. ఆ చల్లని నీటిలో పోషకములు హెచ్చు. వానితో సూక్ష్మమైన సముద్రపు నాచు పెరుగును. నాచు వెంబడి చేపలు వచ్చును. నాడు నీటిలో పడవమీద తిరిగి కొలిచిన దానిని నేడు ఉపగ్రహము పైనుండి చూచుచున్నది. 1999 మేలో తొలి ఓషన్‌శాట్, 2009 సెప్టెంబరులో రెండవది, 2022 నవంబరులో మూడవది ఎగిరినవి. సముద్రపు రంగునుబట్టి నాచును, ఉపరితలపు ఉష్ణతనుబట్టి నీటి కలయికలను గుర్తించి, చేపలుండదగిన తావులను హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము జాలరులకు తెలుపుచున్నది. తావు తెలిసినచో వెదకులాట తగ్గును. వెదకులాట తగ్గినచో డీజిలు మిగులును. ఇది జాలరి యింటి జమాఖర్చులో కనబడు అంతరిక్ష విజ్ఞానము.

2014 అక్టోబరు 12వ తేదీని విశాఖవాసులెవరు మరతురు? హుద్‌హుద్ తుపాను నగరమును తాకినది. ఉపగ్రహములు రోజుల ముందే దాని రాకను పసిగట్టినవి. వేలాది జనులను ముందుగా తరలించిరి. కడపటి ఘడియలలో గాలి తాకిడికి తీరము మీది రాడారు మూగవోయినను, పైనున్న ఉపగ్రహము చూచుట మానలేదు. చెట్లు, ఇండ్లు పోయినవి. కాని ముందు హెచ్చరికలేని పాతకాలపు తుపానులవలె ప్రాణములు పోలేదు. ఆకాశమును చూచుట పేదవానికి విలాసము కాదని ఆ దినము నేర్పినది.

ఇక బాలిక ప్రశ్నకు వత్తును. కాని ఆమెకు సమాధానము చెప్పుటకు ముందు పెద్దలమైన మనము ఒప్పుకొనవలసిన తప్పొకటి కలదు. నేను పనిచేసిన విద్యాలయములలో నొకదానియందు – పేరుతో పనిలేదు – ఆకాశపు సంకేతములను నమోదు చేయు యంత్రమొకటి యుండెడిది. దానిని తెచ్చిన ఆచార్యుడు విరమించెను. మరమ్మతు ఎవరిదను వాదము వచ్చినది. గుడ్డ కప్పిరి. మూడేండ్ల లెక్కలు లేకపోయినవి. ఆ వాదము జరుగునప్పుడు నేనును అచ్చటనే యుంటిని, నోరు మెదపలేదు.

మూడేండ్లు స్వల్పమని యనుకొనవలదు. సూర్యునిపై మచ్చలు రమారమి పదునొకండేండ్లకొకమారు హెచ్చి తగ్గుచుండును. అయనావరణమును దానితోపాటు ఉబ్బుచు తగ్గుచుండును. పట్టమునకై వచ్చిన విద్యార్థి మూడేండ్లలో ఆ చక్రమున పావుపాలు మాత్రమే చూచును. మొత్తము చూడవలెనన్నచో ముగ్గురు నలుగురు విద్యార్థులు ఒకరి చేతి దీపమును మరియొకరు అందుకొనవలెను. 2024 మే 10, 11 తేదీలలో భూమిని బలమైన అయస్కాంత తుపాను తాకినది. ఆనాడు ఏమి జరిగినదో చెప్పుటకు, అంతకు ముందు మామూలు దినములలో ఎట్లుండెడిదో తెలియవలెను గదా! మామూలు దినములను వ్రాసిపెట్టుటయే విశ్వవిద్యాలయము పని. 2024 జనవరి 6వ తేదీన పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరిన ఆదిత్య-ఎల్1 సూర్యుని చూచుచున్నది. ఆ సూర్యుడు మన తలపై చేయు పనిని చూడవలసినవారు నేలమీద ఉండవలెను.

కావున సహకారమన్నచో సంతకములు, ఛాయాచిత్రములు కావు. మూడు పనులు కావలెను. మొదటిది, యంత్రము వ్యక్తిదిగాక సంస్థదిగా ఉండవలెను. దాని మరమ్మతు ఒడంబడికలోనే వ్రాయబడవలెను. రెండవది, పెద్ద విశ్వవిద్యాలయముతోడనే ఆగక, అనకాపల్లి, గాజువాకలవంటి చోట్లనున్న కళాశాలలకు ఆ లెక్కలు చేరవలెను. పట్టవిద్యార్థి తన ఊరి ఆకాశపు అంకెలతో అభ్యాసము చేయవలెను. మూడవది, ఈ శాస్త్రము తెలుగులో చెప్పబడవలెను. కళ్లముమీది నీడతో అయనావరణమును చెప్పవచ్చునని మీరిప్పుడే వింటిరి.

అమ్మాయీ! నీవు ఈ ప్రసంగము వినుచున్నావో లేదో నాకు తెలియదు. శ్రీహరికోట నీ ఊరికి దూరమే. రాకెట్టు అచ్చటినుండి ఎగురుటకు కారణము తూర్పున సముద్రముండుటయు, భూమి తన తిరుగుడుతో అచ్చట సెకనుకు రమారమి 450 మీటర్ల వేగమును ఊరక ఇచ్చుటయు. ఆ తూర్పు సముద్రమే నీ వాకిటను కలదు. రాకెట్టు పైకి పోవుట కొన్ని నిమిషముల పని; అది మోసిన ఉపగ్రహము చెప్పు మాటలను చదువుట ఏండ్ల తరబడి పని. ఆ చదువు శ్రీహరికోటలోనే జరుగనక్కరలేదు. తొమ్మిదవ తరగతి పిల్లలకై ఇస్రోవారు 2019లో యువికా అను శిక్షణను ప్రారంభించిరి. ఎంపికలో గ్రామీణ పాఠశాలలవారికి కొంత ప్రాధాన్యమును ఇచ్చిరి. కళాశాలకు వచ్చిన పిమ్మట డెహ్రాడూన్‌లోని దూరగ్రాహక విద్యాసంస్థ పాఠములను ఇంటివద్దనే వినవచ్చును. ఆ మీదట వాల్తేరు కొండ నీకు ఒక్క బస్సు దూరము.

నీ తండ్రి నీటిరంగు చూచి చేప జాడ చెప్పును. ఉపగ్రహము చేయునదియు అదియే. ఆయన యెరిగిన సముద్రమును, అది చూపిన సముద్రమును ప్రక్కప్రక్కన పెట్టి, ఎచ్చట సరిపోయినదో, ఎచ్చట సరిపోలేదో వ్రాయగలదానవు నీవే. శ్రీహరికోటలోనివారికి ఆ పని చేతగాదు. పరవాడలో ఉండి చేయదగినది ఇది. ఆనాడే నేనీమాట చెప్పియుండవలసినది.